రెటీనా ఆపరేషన్ తర్వాత కంట్లో గ్యాసా, ఆయిలా? ఏది ఎన్నాళ్లు ఉండొచ్చు?

కంటి వెనక గోడకి అంటి ఉండే చూపు పొర, అంటే రెటీనా, ఊడిందని తేలిన రోజు డాక్టరు చెప్పే మాటల్లో సగం మన చెవికి ఎక్కవు. "గ్యాస్ పెట్టాలా, ఆయిల్ పెట్టాలా అన్నది ఆపరేషన్‌లో లోపల చూసి నిర్ణయిస్తాం" అన్న మాట కూడా అలాగే గాల్లో కలిసిపోతుంది. ఏదో ఒకటి పెట్టండి, చూపు వస్తే చాలు అని సంతకం చేసేస్తాం. తర్వాతి ఆరు నెలలు, కొందరికి ఆరేళ్లు, ఆ కంటితో పడే తిప్పలు చాలావరకు ఆ నిర్ణయం మీదే ఆధారపడి ఉంటాయి. "రెండిట్లో ఏది మంచిది" అని అందరూ అడుగుతారు గానీ, నన్నడిగితే అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది: పెట్టింది ఎప్పుడు బయటికి పోతుంది, దానంతట అదే పోతుందా, ఎవరైనా తీస్తేనే పోతుందా?

ఇంతకీ కంట్లో ఏదైనా ఎందుకు నింపాలి? విట్రెక్టమీలో కంటి లోపల ఉండే జెల్లీ లాంటి పదార్థాన్ని తీసేసి, ఊడిన రెటీనాను వెనక గోడకి ఆనించి, రెటీనాలో పడ్డ చిల్లుల చుట్టూ లేజర్ కొడతారు. ఆ లేజర్ మచ్చ గట్టిపడి రెటీనాను పట్టుకోవడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఈలోగా చిల్లులోంచి నీరు మళ్లీ రెటీనా కిందికి దూరిందంటే మొత్తం పని మొదటికొస్తుంది. అందుకని ఆ చిల్లుని లోపలి నుంచి మూసి ఉంచడానికి గాలి, గ్యాస్, సిలికాన్ ఆయిల్, వీటిలో ఒకటి పెడతారు. గ్యాసూ ఆయిలూ రెండూ నీటి కంటే తేలికే కాబట్టి కంట్లో పైకి తేలతాయి, తల ఎటు వంచితే పైకి వచ్చిన భాగానికి ఆనుకుంటాయి. బోర్లా పడుకోమనీ, ఒక పక్కకే తిరిగి పడుకోమనీ చెప్పేది దీనికోసమే. వెల్లకిలా పడుకుంటే బుడగ వెళ్లి కంటి ముందు భాగానికి, లెన్స్‌కి ఆనుతుంది. రెటీనాకి దాంతో ఒరిగేదేమీ లేదు, పైగా కంటి లోపలి ప్రెజర్ పెరగొచ్చు, శుక్లం తొందరగా రావొచ్చు.

గ్యాస్: ఉన్నన్నాళ్లే ఇబ్బంది

మామూలు గాలి వారంలోపే పోతుంది. ఎస్ఎఫ్6 అనే గ్యాస్ దాదాపు రెండు వారాలు ఉంటుంది, సీ3ఎఫ్8 అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు. వీటిని నేరుగా పెడితే లోపల ఉబ్బుతాయి, ఎస్ఎఫ్6 సుమారు రెండింతలు, సీ3ఎఫ్8 సుమారు నాలుగింతలు అవుతుంది. అందుకే ఎస్ఎఫ్6 ని 20 శాతం, సీ3ఎఫ్8 ని 14 శాతం దగ్గర గాలిలో కలిపి పెడతారు. గ్యాస్ మెల్లగా రక్తంలోకి ఇంకిపోతుంటే ఖాళీ అయిన చోటు కంట్లో ఊరే నీటితో నిండుతుంది. రెండో ఆపరేషన్ అక్కర్లేదు. గ్యాస్‌కి ఉన్న అతి పెద్ద మంచి గుణం ఇదే, దీన్ని తక్కువ చేసి చూడొద్దు.

కట్టు విప్పిన మొదటి రోజు ఆ కంటికి చెయ్యి ఊపితే కదులుతున్నట్టు తెలుస్తుంది, అంతే. ఆపరేషన్ ఫెయిలైందేమో అని చాలామంది హడలిపోయేది అప్పుడే. అది ఫెయిలవడం కాదు, గ్యాస్‌లోంచి ఏదీ స్పష్టంగా కనబడదు. కొన్ని రోజులకి చూపులో పై అంచున సన్నని వెలుతురు పట్టీ వస్తుంది, దాని కింద ఒక అడ్డగీత. తల ఊపితే ఆ గీత మేస్త్రీ రసమట్టంలో బుడగ లాగా అటూ ఇటూ ఊగి మళ్లీ సర్దుకుంటుంది. బుడగ నిజానికి కంట్లో పైనే ఉంది, కానీ రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కనుక మనకి కింద ఉన్నట్టు అనిపిస్తుంది. రోజురోజుకీ గీత దిగుతూ, చివరికి నల్లటి అంచున్న చిన్న గుండ్రంగా మారి, ఒక పొద్దున చూస్తే ఉండదు. గీత దిగడం మంచి లక్షణం. అలా కాకుండా ఒక పక్కనుంచి నల్లటి తెర కమ్ముకొస్తుంటే మాత్రం అది వేరే సంగతి, ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

గ్యాస్ ఉన్నన్నాళ్లు రెండు విషయాల్లో రాజీ కుదరదు. ఒకటి విమానం. విమానం లోపలి గాలి ఒత్తిడి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తు కొండ మీద ఉన్నంత ఉంటుంది, అంత తక్కువ ఒత్తిడిలో గ్యాస్ వ్యాకోచించి కంటి ప్రెజర్ ఒక్కసారిగా పెంచేస్తుంది, రెటీనాకి రక్తం ఆగిపోయేంత పెరిగితే చూపు శాశ్వతంగా పోవచ్చు. ఎత్తైన ఘాట్ రోడ్డెక్కినా ఇదే సూత్రం, ఇది మాత్రం చాలామందికి తట్టదు. రెండోది నైట్రస్ ఆక్సైడ్ మత్తు. పన్ను తీయించుకోవడానికో, కాలు విరిగో ఇంకో ఆసుపత్రికి వెళ్తే అక్కడ మత్తిచ్చే డాక్టరుకి కంట్లో గ్యాస్ ఉందని తెలియకపోతే ఆ నైట్రస్ గబగబా బుడగలోకి చేరి దాన్ని ఉబ్బిస్తుంది. కొన్ని చోట్ల చేతికి రంగు పట్టీ కట్టి పంపేది అందుకే. చిరాగ్గా ఉందని దాన్ని కత్తిరించి పారేయకండి, గ్యాస్ పూర్తిగా పోయిందని డాక్టరు చెప్పేదాకా ఉంచుకోండి.

మరి దీర్ఘకాలంలో? గ్యాస్ వెళ్లిపోయాక దాని తాలూకు మచ్చ అంటూ పెద్దగా ఏమీ మిగలదు. సొంత లెన్స్ ఉన్నవాళ్లకి శుక్లం ముదురుతుంది, కానీ 50 దాటినవాళ్లలో విట్రెక్టమీ అయితేనే చాలు, గ్యాస్ పెట్టినా పెట్టకపోయినా ఎక్కువమందికి రెండేళ్లలోపు శుక్లం వచ్చి తీరుతుంది. నేరం మొత్తం గ్యాస్ మీద వేయడం న్యాయం కాదు.

ఆయిల్: తీసేదాకా అక్కడే

సిలికాన్ ఆయిల్‌ని మనుషుల కళ్లలో రెటీనా కోసం వాడిన మొదటి డాక్టరు పాల్ సిబిస్, 1962లో. అరవై ఏళ్లు దాటినా దీని గుణం మారలేదు, పెట్టింది పెట్టినట్టే ఉంటుంది, ఇంకదు, కరగదు. ఆ గుణమే దాని బలం, దాంతోనే తంటా కూడా.

ఆయిల్ ఎవరికి పెడతారు? రెటీనా మీద మచ్చపొరలు పెరిగి మళ్లీ మళ్లీ లాగేస్తున్న కళ్లకి, చాలా పెద్ద చీలిక ఉన్నవాళ్లకి, గాయమై లోపల అంతా చెదిరిపోయినప్పుడు, ముదిరిన షుగర్ రెటీనాకి, చెప్పినట్టు పడుకోలేని చిన్నపిల్లలకి, మెడా నడుమూ సహకరించని పెద్దవాళ్లకి. ఉన్నది ఒకే కన్ను అయితే కూడా, ఎందుకంటే గ్యాస్‌తో వారాల తరబడి ఏమీ కనబడదు, ఆయిల్‌లోంచి మసకగానైనా కనబడుతుంది. ఆపరేషనైన కొద్ది రోజులకే విమానం ఎక్కక తప్పనివాళ్లు ఆ సంగతి ముందే చెబితే డాక్టరు ఆయిల్ వైపు ఆలోచించవచ్చు.

"ఆయిలే గట్టిది, అదే పెట్టమనండి" అని సలహా ఇచ్చే బంధువులు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మచ్చపొరలున్న కళ్ల మీద అమెరికాలో చేసిన సిలికాన్ స్టడీ ఫలితాలు 1992లో వచ్చాయి. ఎస్ఎఫ్6 కంటే ఆయిల్ మేలని తేలింది, కానీ సీ3ఎఫ్8 తో పోలిస్తే చాలా విషయాల్లో రెండూ సమానంగానే నిలిచాయి. అంటే ఎక్కువ కాలం ఉండే గ్యాస్ పనిచేసే కంటికి కేవలం గట్టిదనే పేరుతో ఆయిల్ అడగడంలో అర్థం లేదు, పైగా ఇంకో ఆపరేషన్ మెడకి చుట్టుకుంటుంది. ఇంకో సంగతి, మనిషి కూర్చున్నా నిలబడినా ఆయిల్ కూడా పైకే తేలుతుంది, కాబట్టి రెటీనా కింది భాగానికి అది సరిగా ఆనదు. ఆయిల్ ఉండగానే కింది వైపు మళ్లీ ఊడిందని వినిపించేది ఇందువల్లే.

ఇక ఎక్కువ కాలం ఉంటే ఏమవుతుందన్నది అసలు విషయం.

సొంత లెన్స్ ఉన్న కంటికి శుక్లం దాదాపు ఖాయం. ఆయిల్ ఉండగా అద్దాల నంబరు కూడా తారుమారవుతుంది, సొంత లెన్స్ ఉన్న కంట్లో సుమారు ప్లస్ 5, 6 దాకా జరుగుతుంది. తీసేశాక అది మళ్లీ మారిపోతుంది కనుక ఆయిల్ తీసే ఆలోచన ఉన్నప్పుడు ఖరీదైన కళ్లజోడు చేయించుకోకండి.

తర్వాతది ఆయిల్ చిట్లడం. మొదట్లో ఒకే పెద్ద బుడగగా ఉన్న ఆయిల్, కన్ను కదిలిన ప్రతిసారీ నీటితో రాసుకుని, లోపలి రక్తమూ ప్రోటీన్లూ తగిలి, నెమ్మదిగా సన్నని బిందువులుగా విడిపోతుంది. డాక్టర్లు దీన్ని ఎమల్సిఫికేషన్ అంటారు. కొందరిలో కొద్ది నెలలకే మొదలవుతుంది, ఎన్నాళ్లుంటే అంత ఎక్కువ. ఈ బిందువులు కంటి ముందు గదిలోకి వస్తే పైకి తేలి, పై రెప్ప చాటున తెల్లటి పొరలా పేరుకుంటాయి. రెప్ప ఎత్తి చూడకపోతే దొరకవు, కాబట్టి చెకప్‌లో పై రెప్ప ఎత్తి చూశారో లేదో మీరే గమనించండి, అడగడానికి మొహమాటపడొద్దు. ఆ బిందువులు కంట్లో నీరు బయటికి పోయే జల్లెడలో ఇరుక్కుంటే ప్రెజర్ పెరుగుతుంది, అలా వచ్చిన నీటికాసులు కొందరిలో ఆయిల్ తీసేసినా తగ్గదు. నొప్పి ఉండదు, చూపు మెల్లగా అంచుల నుంచి పోతుంది. నన్నడిగితే ఆయిల్ తెచ్చిపెట్టే కష్టాలన్నిట్లో జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాల్సింది ఇదే.

కార్నియా, అంటే కంటి ముందుండే అద్దం లాంటి పొర, దాని సంగతి లెన్స్ లేని కళ్లకి ముఖ్యం. మధ్యలో అడ్డం లేకపోతే ఆయిల్ ముందుకొచ్చి కార్నియాకి తగులుతూ ఉంటుంది, కొన్నాళ్లకి దాని లోపలి కణాలు దెబ్బతిని మసకబారుతుంది, లేదా అడ్డంగా సున్నపు పట్టీ లాంటిది కడుతుంది. దీన్ని ఆపడానికి నల్లగుడ్డు చుట్టూ ఉండే రంగు పొరలో, గడియారంలో 6 ఉండే చోట, చిన్న కంత పెడతారు. ఆయిల్ పైకి తేలుతుంది కాబట్టి నీరు ఆ కింది కంతలోంచి ముందుకొచ్చి ఆయిల్‌ని వెనక్కి నెడుతుంది. 1985లో ఆండో అనే డాక్టరు చెప్పిన ఈ ఉపాయం ఈనాటికీ వాడుకలో ఉంది. కంత మూసుకుపోతే ఆయిల్ ముందుకి వచ్చేస్తుంది, అది తెరిచే ఉందా అన్నది ప్రతి చెకప్‌లో చూడాల్సిందే.

రెటీనాకీ నరానికీ వచ్చే నష్టం గురించి తక్కువగా మాట్లాడతారు. రెటీనా చక్కగా అతుక్కుని ఉంటుంది, ప్రెజర్ బాగానే ఉంటుంది, అయినా ఆయిల్ ఉండగానో, తీసిన కొద్ది రోజుల్లోనో నడిమి చూపు తగ్గిపోతుంది. స్కాన్‌లో కొందరికి మాక్యులా (రెటీనా నడిమధ్య, సూటి చూపునిచ్చే చోటు) పొరలు పలచబడినట్టు కనిపిస్తాయి, కొందరికి ఏమీ దొరకదు. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. ఆపరేషన్ నాటికి మాక్యులా ఇంకా ఊడకుండా, చూపు బాగా ఉన్న కళ్లలో ఇది జరిగినప్పుడు ఎక్కువ బాధ, అంత మంచి చూపున్న కంటికి ఆయిల్ పెట్టేముందు డాక్టర్లు రెండుసార్లు ఆలోచించేది అందుకే. ఇక చాలా అరుదుగా ఆయిల్ కంటి నరం వెంబడి మెదడులోని గదుల దాకా పోయిన కేసులున్నాయి. అది సీటీ స్కాన్‌లో రక్తస్రావంలా కనబడి కంగారు పెడుతుంది, కాబట్టి తలకి ఏ స్కాన్ తీయించినా కంట్లో ఆయిల్ ఉందనో, ఒకప్పుడు ఉండేదనో చెప్పండి.

1000 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) ఆయిలా, 5000 దా అని కొందరు అడుగుతుంటారు. 5000 చిక్కగా ఉంటుంది, చిట్లడం కాస్త నెమ్మది, కానీ సన్నని గొట్టాల్లోంచి ఎక్కించడం, తీయడం కష్టం. కొన్ని నెలల్లో తీసేసేదానికి 1000 చాలు, చాలాకాలం ఉంచాల్సి వస్తుందనుకుంటే 5000 వైపు మొగ్గుతారు. అంతకుమించి దీని గురించి పేషెంటు బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు, ఆయిల్ శుద్ధి ఎలా ఉంది, కన్ను నిండుగా పెట్టారా అన్నవి కూడా అంతే ముఖ్యం.

బరువైన ద్రవాలు

ఆపరేషన్ మధ్యలో రెటీనాని అదిమి చదును చేయడానికి పెర్‌ఫ్లోరోకార్బన్ ద్రవం వాడతారు. 1987లో స్టాన్లీ చాంగ్ దీన్ని వాడుకలోకి తెచ్చాక పెద్ద చీలికల ఆపరేషన్లు చాలా సులువయ్యాయి. ఇది నీటి కంటే దాదాపు రెట్టింపు బరువు. పని అయ్యాక తీసేయాలి, ఉంచే వస్తువు కాదు. కింది చీలికల కోసం కొందరు సర్జన్లు కావాలనే ఒకటి రెండు వారాలు ఉంచి మళ్లీ తీస్తారు, అది ముందే అనుకుని చేసే పని. పొరపాటున చుక్కలు మిగిలితే అవి ఎక్కడున్నాయన్న దాన్నిబట్టి కథ మారుతుంది. కంటి ముందు గదిలో అడుగున చిన్న గుండ్రటి చుక్క కనిపిస్తే అది ఇదే, పైన తేలుతుంటే ఆయిల్. అడుగున ఒకటీ అరా చుక్కలుంటే చాలాసార్లు కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. రెటీనా కింద ఓ పక్కన ఉంటే కూడా సాధారణంగా ముట్టుకోరు. సరిగ్గా మాక్యులా నడిమధ్యలో కింద చిక్కుకుంటే మాత్రం చూపు మధ్యలో మచ్చ పడుతుంది, ఎక్కువకాలం వదిలేస్తే పైనున్న కణాలు చచ్చిపోతాయి, కాబట్టి తీయడం గురించి తొందరగా మాట్లాడాలి. వీటి శుద్ధి ఎంత ముఖ్యమో 2015 ప్రాంతంలో స్పెయిన్‌లో తెలిసొచ్చింది, ఈ ద్రవాల్లో ఒకటైన పెర్‌ఫ్లోరో ఆక్టేన్ విషపూరితమైన బ్యాచ్‌ల వల్ల ఎంతోమంది ఆపరేషన్ అయిన కంటి చూపు పోగొట్టుకున్నారు.

నీటిలో మునిగే బరువైన సిలికాన్ ఆయిల్ కూడా ఉంది, కింది భాగం ఊడినవాళ్లకని తయారుచేశారు. ఆలోచన బాగుంది గానీ 2011లో వచ్చిన పోలిక అధ్యయనంలో అది మామూలు ఆయిల్‌ని మించి ఏమీ చేయలేకపోయింది. కంట్లో వాపు పుట్టించే గుణమూ దానికి ఉంది, అందుకే మామూలు ఆయిల్‌లా నెలల తరబడి వదిలేయరు.

ఆయిల్ తీయించాలా, ఉంచాలా

రెటీనా అన్ని వైపులా అతుక్కుని ఉండి, లేజర్ మచ్చలు కుదురుకుని, కొత్త పొరలేవీ లాగకుండా ఉంటే సాధారణంగా 3 నుంచి 6 నెలల మధ్య తీస్తారు. తీశాక కొందరికి రెటీనా మళ్లీ ఊడుతుంది, ఆ భయం నిజమే, డాక్టరు కూడా దాచరు. అయితే ఆ భయంతో కదలకుండా కూర్చుంటే ఆయిల్ మాత్రం ఊరుకోదు, చిట్లుతూనే ఉంటుంది. కన్ను నొప్పి లేదు, ఏదో కనబడుతోంది, తర్వాత చూద్దాం అనుకుని రెండు మూడేళ్లు చెకప్ మానేసినవాళ్లే చివరికి ప్రెజర్ ముదిరి వస్తారు. అందుకే ఆపరేషనైన వారంలోనే, "ఆయిల్ ఎప్పుడు తీద్దామనుకుంటున్నారు" అని అడిగి, ఆ నెల పేరు డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. తారీఖు లేని ఆయిల్ కంటే తారీఖున్న ఆయిల్ వెయ్యి రెట్లు నయం.

కావాలని ఉంచేయాల్సిన కళ్లూ ఉంటాయి. ఎన్నిసార్లు చేసినా ఊడుతున్నవి, ప్రెజర్ బాగా పడిపోయి ఆయిల్ తీస్తే కుంచించుకుపోయేవి, రెండో కన్ను లేనివాళ్లవి, ఇంకో ఆపరేషన్ తట్టుకోలేని పెద్దవాళ్లవి. వీళ్ల విషయంలో ఉంచడం నిర్లక్ష్యం కాదు, ఆలోచించి తీసుకున్న నిర్ణయం. కాకపోతే మూడు నాలుగు నెలలకోసారి ప్రెజర్, కార్నియా, కింది కంత చూపించుకోవాలి. ఆయిల్ మరీ చిట్లిపోతే పాతది తీసి కొత్తది నింపే దారి కూడా ఉంది, అది చాలామందికి తెలియదు.

శుక్లం ఆపరేషన్‌ని ఆయిల్ తీయడంతో కలిపి చేయించుకుంటే ఒకటే మత్తు, ఒకటే కట్టు. ఒక్క మెలిక, కంట్లో పెట్టే కొత్త లెన్స్ నంబరు కొలవడం. కంటి లోపలి జెల్లీలో శబ్దం సెకనుకి 1532 మీటర్లు పోతుందన్న లెక్కతో అల్ట్రాసౌండ్ మెషీన్ కొలుస్తుంది, 1000 ఆయిల్‌లో అది 980 మీటర్లే. సరిచేయకపోతే కన్ను ఉన్నదానికంటే పొడవుగా తేలి, తప్పు నంబరు లెన్స్ పడుతుంది. కాంతితో కొలిచే మెషీన్‌లో ఆయిల్ ఉన్న కన్ను అని సెట్ చేసి కొలిస్తే మేలు. లెన్స్ సిలికాన్‌ది వద్దని కూడా చెప్పండి, ఆయిల్ దానికి అంటుకుని వదలదు. యాక్రిలిక్‌ది అడగండి.

ఇక తీశాక కూడా ఒకటీ అరా బిందువులు మిగలడం మామూలే. వెలుతురులో చూస్తే గుండ్రంగా, మెరుస్తూ, కంటి కదలికతో పాటు తేలుతుంటాయి, చాలామంది కొన్నాళ్లకి వాటిని పట్టించుకోవడం మానేస్తారు. చూపుకి బాగా అడ్డొస్తుంటే మళ్లీ కడిగించుకోవచ్చు, అంత అవసరం తక్కువమందికే పడుతుంది. ఆయిల్ పోయింది కదా అని ప్రెజర్‌కి వేసే చుక్కల మందు మాత్రం సొంతంగా ఆపేయకండి. తీసిన మొదటి కొన్ని నెలలు రెటీనా ఊడే అవకాశం ఎక్కువ కాబట్టి మెరుపులు, కొత్తగా నల్ల చుక్కల జల్లు, పక్కనుంచి తెర, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా బయల్దేరండి.